సహజీవనం ముగిసిన తర్వాత ఇంట్లో ఎవరుండాలి? (చర్చ)

మియాపూర్ నివాసి:
మేమిద్దరం పెళ్లి చేసుకోకుండా కొన్నేళ్లుగా ఒకే అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాము. ఇప్పుడు విడిపోవాలని నిర్ణయించుకున్నాము. ఒప్పందపత్రం ఆయన పేరు మీదే ఉన్నా అడ్వాన్సులో సగం నేను కట్టాను. ఖాళీ చేయవలసింది నేనేనా? నా డబ్బు తిరిగి వస్తుందా? ఒంటరి మహిళకు ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?

నిజాంపేట ఉద్యోగిని:
ప్రతి యజమానీ "మీవారు ఏం చేస్తారు?" అనే ప్రశ్నతోనే మొదలుపెట్టి, సమాధానం వినగానే తాళాలు జేబులో వేసుకోవడం నేను అనుభవించాను. మొదట మాదాపూర్‌లో లేడీస్ హాస్టల్‌లో చేరి, అక్కడ పరిచయమైన ఇద్దరితో కలిసి ఫ్లాట్ తీసుకున్న తర్వాతే నాకు ఊపిరాడింది.

నాంపల్లి న్యాయవాది:
రెండు దశాబ్దాలుగా ఇటువంటి వ్యాజ్యాలే చూస్తున్నాను కనుక చెబుతున్నాను, ఆమె వెళ్లిపోనక్కరలేదు. 2005 నాటి గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వివాహం వంటి బంధంలో ఉన్న స్త్రీకి, ఇల్లు ఎవరి పేరున ఉన్నా, అది అద్దెదైనా, అందులో నివసించే హక్కు ఉంది.

బెజవాడ పాఠకుడు:
బాత్రా కేసులో సుప్రీంకోర్టు అలా కుదరదని చెప్పింది కదా! తెలియనివారికి లేనిపోని ఆశలు కల్పించకండి.

నాంపల్లి న్యాయవాది:
అది అత్తగారి పేరున ఉన్న ఇంటికి సంబంధించిన తీర్పు. దానిని 2020 అక్టోబరులో సతీశ్ చందర్ అహుజా కేసులో అదే న్యాయస్థానం తప్పని తేల్చింది. పాత తీర్పు పట్టుకుని నన్ను సరిదిద్దవద్దు.

బెజవాడ పాఠకుడు:
ఇక్కడ ప్రశ్న సహజీవనం గురించి. వివాహం వంటి బంధానికి 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు పెట్టిన షరతులు మీరు చెప్పనేలేదు. ఇద్దరూ వివాహార్హులై ఉండాలి, చాలాకాలం కలిసి ఉండాలి, లోకానికి దంపతుల్లాగే కనిపించాలి. వాటిని దాచి హక్కు ఉందనడం న్యాయవాదికి తగదు.

వరంగల్ అక్క:
మీ పంతాలు కాసేపు పక్కన పెట్టండి. గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద నివాస ఉత్తర్వు ఇవ్వాలంటే గృహహింస జరిగిందని మేజిస్ట్రేటుకు నమ్మకం కలగాలి. ఇంట్లోకి రానివ్వకపోవడం కూడా ఆర్థిక హింస కిందికి రావచ్చు. అయితే సామరస్యంగా విడిపోతున్న ఈ అమ్మాయి విషయంలో అటువంటిదేమీ కనిపించడం లేదు. పరిస్థితి విషమిస్తే మాత్రం మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి, బాధిత మహిళల కోసం ఉన్న సఖి కేంద్రంలో కొద్ది రోజులు తలదాచుకోవచ్చు.

కొండాపూర్ రుణగ్రస్తుడు:
అందరూ స్త్రీ గురించే మాట్లాడుతున్నారు. ఇద్దరి పేరున కొన్న ఫ్లాట్ వదిలి ఆమె వెళ్లిపోయింది, వాయిదాలన్నీ నేనే కడుతున్నాను. నా ఒక్కడి జీతం చాలదంటూ బ్యాంకు ఆమె పేరు తొలగించడం లేదు, ఆమె సంతకం లేనిదే అమ్మడానికీ వీల్లేదు. నా గోడు వినే చట్టం ఏది?

వరంగల్ అక్క:
సహ యజమానిగా సివిల్ కోర్టులో విభజన దావా వేసే హక్కు మీకుంది, తమ్ముడూ. ఇల్లు విభజించడానికి వీలుకాకపోతే అమ్మించి, సొమ్ము పంచమని అడగవచ్చు. కలిసి ఉంటున్నవారు మరొకటి గమనించండి: డబ్బు ఒకరిది, రిజిస్ట్రేషన్ మరొకరి పేరున అయితే బేనామీ చట్టం అడ్డొస్తుంది. భార్యాభర్తలకు ఉన్న మినహాయింపు సహజీవనంలో ఉన్నవారికి లేదు.

మియాపూర్ నివాసి:
నా అడ్వాన్సు గురించి ఎవరూ చెప్పలేదు.

నిజాంపేట ఉద్యోగిని:
యజమాని సాధారణంగా ఒప్పందంలో సంతకం ఉన్నవారికే డబ్బు తిరిగి ఇస్తాడమ్మా. మీరు సామాను సర్దకముందే, సగం మొత్తం మీ ఖాతాకే జమ చేయమని ఆయన చేత యజమానికి ఉత్తరం రాయించండి, మీరు పంపిన డబ్బు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటు దానికి జతచేయండి.