తప్పిపోయిన మనిషి జ్ఞాపకంగా చేర్యాల పటం: ఎట్ల వేయించాలి?

ప్రశ్న (హన్మకొండ): మా మేనబావ ఆచూకీ లేక ఏండ్లయింది. దండేసిన ఫొటో పెట్టడానికి అత్త ఒప్పుకోదు, ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు. అతని బతుకును చెప్పే చేర్యాల పటం (బట్ట మీద కథను గడులు గడులుగా బొమ్మలేసే చుట్ట పటం) వేయిద్దామనుకుంటున్నం. వెడల్పు 2 అడుగులు, పొడవు 4. ఆ పటాలు వేసే నకాషీలకు ఏం చెప్పాలె? ముందు ముందు ఏమన్నా కబురు తెలిస్తే కలపొచ్చా?

జవాబు 1: కలపొచ్చు, కానీ ఆ జాగా ఇప్పుడే ఉంచుకోవాలె. తర్వాత ఇంకో ముక్క కుట్టిస్తే సూది దిగినకాడల్లా సుద్దపూత పగిలి రాలుతది. కింద 10 అంగుళాల గడి ఒకటి ఖాళీగా పెట్టించండి. చుట్టూ పూల అంచు వేయించి, లోపల ఎర్రరంగు మాత్రం నింపనీయకండి. ఈ పటాల్లో బొమ్మలు తెల్ల పూత మీదే నిలుస్తయి, ఎరుపు వాటి చుట్టూ నింపుతరు. ఎరుపు మీద పసుపు వేస్తే మసకబారుతది. ఎరుపును కప్పడానికి దాని మీద తెల్లపూత వేస్తే అక్కడ మందమై చిట్లుతది. ఆ ఖాళీ గడిని కింది కర్రకు చుట్టి ఉంచితే మురికి కూడా పట్టదు.

జవాబు 2: పోలిక రావాలని పట్టుబట్టకండి. పెద్ద కండ్లు, కొస ముక్కు ఈ బాణీకి గుర్తు, ఏ ముఖమైనా అట్లనే వస్తది. మనిషిని ఆనవాళ్లతో చూపించాలె: భుజం మీది గళ్ల తువ్వాల, సైకిల్, ఎప్పుడూ వేసుకునే చొక్కా రంగు. నకాషీకి ఇట్లాంటివి ఒక కాగితం మీద గడి గడికీ రాసివ్వండి. 4 అడుగుల్లో ఐదు గడులకు మించితే బొమ్మలు నలిగిపోతయి. దండ, దీపం, స్వర్గానికి పోతున్నట్టు బొమ్మ వద్దని నోటితో చెప్పండి. జ్ఞాపకం అనంగనే అవి వేసే ప్రమాదం ఉంది. పుట్టిన సంవత్సరం రాయించండి, దాని పక్కన గీత గీసి జాగా విడవకండి. చనిపోయిండని ఎవరూ తేల్చనప్పుడు ఆ గీత అత్త గుండెకు పోటు. అన్నిటికన్నా ముందు ఏ గడిలో ఏముండాలో ఆమెనే అడగండి.

ప్రశ్నించినవారు: బట్ట మేమే తయారుచేసి ఇవ్వొచ్చా? అత్త తన చేత్తో చేస్తానంటుంది.

జవాబు 1: ఇవ్వొచ్చు, నకాషీని ముందే అడిగి. ఖద్దరు బట్టను నాలుగు దిక్కులా 3 అంగుళాలు ఎక్కువ కత్తిరించి చట్రానికి బిగించండి. గంజి, సుద్దమట్టి, నానబెట్టి రుబ్బి ఉడికించి వడకట్టిన చింతగింజల జిగురు కలిపి పలుచగా మూడు పూతలు వేయాలె. ఒకటి పూర్తిగా ఎండినంకనే ఇంకోటి. జిగురు ఎక్కువైతే చుట్టినప్పుడు పెళుసుగా పగులుతది, తక్కువైతే వేలికి పొడి అంటుతది. ముందు చిన్న ముక్క మీద పూసి, ఎండినంక మడిచి చూడండి. వానాకాలంలో పెట్టుకోకండి, పూత లోపల ఆరక బూజు పడతది.

జవాబు 3: పైనా కిందా 2 అంగుళాల లావు కర్రలు పెట్టండి, సన్నకర్రకు చుడితే ముడతపడ్డకాడ రంగు లేస్తది. ఎండ తగిలే గోడకు, తడి గోడకు వేలాడదీయకండి. ఇంకో మాట. పటం కోసం ఇచ్చే ఫొటో నకలే కావాలె. అసలు ఫొటో, ఒంటి మీది మచ్చల వివరాలు, మిస్సింగ్ కేసు ఎఫ్ఐఆర్ కాపీ విడిగా దాచండి. వెతకడానికి పనికొచ్చేవి అవే.