మండువా ఇంటి పాత గోడకు పెద్ద కిటికీ పెట్టించవచ్చా?

కోనసీమలో మా తాతగారు కట్టించిన మండువా ఇంటిని కూల్చకుండా బాగుచేయించాలని మా కోరిక. మండువాలో, అంటే ఇంటి నడుమ ఆకాశం కనిపించే ఖాళీ చోట, వెలుతురుకు లోటు లేదు గానీ, తూర్పు గదుల్లో పట్టపగలు కూడా లైటు వేయనిదే గూట్లో ఏముందో కనిపించదు. ఆ గోడకు అవతలే కాలువ, కొబ్బరితోట, వాటిని దాటితే వరిచేలు ఉన్నాయి.

గానుగ సున్నంతో కట్టిన ఆ మందపాటి ఇటుక గోడే దూలాలనూ పెంకుల కప్పునూ మోస్తున్నందున, ఆరడుగుల వెడల్పు కిటికీ కోసం దాన్ని తొలిచేటప్పుడు కప్పుకు ఊతాలు ఎలా నిలపాలి, కిటికీ పైన గోడ బరువును మోసే అడ్డదిమ్మెగా కాంక్రీటు లింటెల్ మేలా, ఇనుప దూలం మేలా? సిమెంటు పూత పాత గోడలో తేమను బిగబట్టి ఉంచుతుంది కనుక, కిటికీ చుట్టూ మళ్లీ సున్నమే వాడాలన్నది నా అభిప్రాయం. కప్పులో అక్కడక్కడా అద్దపు పెంకులు వేయిస్తే వేసవిలో గది మరీ వేడెక్కుతుందా? ఇలాంటి పని చేయించినవారు, తెలిసిన ఇంజనీర్లు దయచేసి వివరంగా చెప్పగలరు.