కరోనా టైంలో వలస కూలీల కోసం మన శ్రీసభ (కతోలిక చర్చి) నిజంగా ఏం చేసింది? మే 1న మాట్లాడాలి

పెన్నా ఒడ్డు (ప్రశ్న):
మాది నెల్లూరు దగ్గర ఒక విచారణ, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే చర్చి సంఘం. మే 1న కార్మికుల పునీత జోజప్ప (సెయింట్ జోసెఫ్) గారి పండుగ కదా, పూజ అయ్యాక యువత తరఫున కాసేపు మాట్లాడమని ఫాదర్ గారు నా నెత్తిన పెట్టారు. టాపిక్ కూడా ఆయనే ఇచ్చారు, కరోనాలో కూలీలకి, వలసవాళ్లకి కతోలికులు ఎట్టా అండగా ఉన్నారు అని. అప్పుడు నేను ఇంటర్. నాకు గుర్తున్నదల్లా పులిహోర పొట్లాలు, మాస్కులు, వాట్సాప్ గ్రూపులో ఫొటోలు. అంతకుమించి ఏమైనా ఉందా? పోప్ ఫ్రాన్సిస్ ఏదో లేఖ రాశారని విన్నాను. మా విచారణలో సగం మంది బేల్దారి పనికి, రొయ్యల చెరువులకి పోయేవాళ్లే, వాళ్ల ముందు ఉత్త పొగడ్తలు చదివితే ఇట్టే తేలిపోతుంది. అదే టెన్షన్.

కావలి కుర్రోడు:
పులిహోర పొట్లాలను అంత తేలిగ్గా తీసెయ్యొద్దు తమ్ముడూ. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి టీవీలో చెప్పి, పన్నెండు నుంచే లాక్‌డౌన్ అన్నారు. చెన్నైలో కట్టడం పనులు చేసే ఒడిశా, బీహార్, జార్ఖండ్ వాళ్లు తడ దాటి నాయుడుపేట, గూడూరు, నెల్లూరు మీదుగా హైవే పట్టుకుని నడుచుకుంటూ వచ్చారు, కొందరు పాత సైకిళ్లు కొనుక్కుని తొక్కుకుంటూ. మన మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. దాబాలు మూత, రోగం తెస్తారని ఊళ్లోకి రానివ్వరు. మా దగ్గర సిస్టర్స్ కాన్వెంటులోనే అన్నం వండి ఆటోలో హైవేకి పంపితే మేం పంచేవాళ్లం. వాళ్లు అన్నం కంటే ఎక్కువ అడిగింది చెప్పులు, ఫోన్ చార్జింగ్. ఎవరిది ఏ మతమో మేం అడగలేదు, వాళ్లూ అడగలేదు. మనమే చేశామని మాత్రం చెప్పొద్దు, మసీదు వాళ్లు పెట్టారు, ఎర్రజెండా వాళ్లు పెట్టారు, పక్క పొలాల రైతులు మజ్జిగ కుండలు తెచ్చారు. ఆ ఏడాది మట్టలాదివారం, పాస్కా (ఈస్టర్) పండుగ గుడి తలుపులు మూసే చేసుకున్నాం గానీ, నా మటుకు పండుగ హైవే మీదే జరిగింది.

జపమాల:
నువ్వు విన్న లేఖ 2020 ఏప్రిల్ 12ది, సరిగ్గా పాస్కా రోజు. బిషప్పులకి రాసింది కాదు, ప్రపంచంలోని ప్రజా ఉద్యమాలకి రాసింది. తోపుడు బండ్ల వాళ్లు, చెత్త ఏరేవాళ్లు, కట్టడం పనివాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, నెల జీతమంటూ లేని వీళ్లకి లాక్‌డౌన్ ఎంత కష్టమో చెబుతూ, అందరికీ ఒక కనీస వేతనం గ్యారంటీగా ఉండే ఏర్పాటు గురించి ఆలోచించే సమయం ఇదేనేమో అన్నారు. దయ చూపండి అని ఊరుకోలేదు, అదీ అసలు పాయింటు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ఫ్రతెల్లి తుత్తి విశ్వలేఖ (పోపు గారు శ్రీసభ అంతటికీ రాసే లేఖ) కూడా చూడు. అందులో ఒక మాట ఉంటుంది, ముసలాయన్ని ఏరు దాటించడం ప్రేమే, నాయకుడు అక్కడ వంతెన కట్టించడమూ ప్రేమే అని. నీ ప్రసంగానికి ఇదొక్కటి సరిపోతుంది.

ఒంగోలు టీచర్:
లేఖలు బాగానే ఉన్నాయి. నేను అప్పుడు ఒక కతోలిక బడిలో పాఠాలు చెప్పేదాన్ని, ఏ బడో అడగొద్దు. మార్చిలో సగం జీతం, ఏప్రిల్ నుంచి అదీ లేదు. ఆయాలకీ బస్సు డ్రైవర్లకీ అంతే. ఫీజులు రాలేదన్నారు, అది అబద్ధం కాదు, పిల్లల తల్లిదండ్రులకీ పనుల్లేవు మరి. కానీ అదే గేటు దగ్గర బ్యానర్ కట్టి బియ్యం పంచితే మా ఆయా ఆ లైన్లో నిలబడింది, ఆమెకి బడి ఇవ్వాల్సింది జీతం. మూసిన రోజులకి కూడా జీతం కోయొద్దని కేంద్ర హోంశాఖ మార్చి 29న ఉత్తర్వు ఇచ్చింది, మే నెలలో అదీ ఎత్తేశారు. మనకి ప్రభుత్వ ఉత్తర్వు దాకా ఎందుకు, 1891లోనే పదమూడో లియో పాపుగారు కార్మికుల గురించి రాసిన రేరుం నొవారుం లేఖలో కూలి ఎగ్గొట్టడం గురించి బైబిల్లోని యాకోబు లేఖ ఐదో అధ్యాయం ఎత్తి మరీ రాశారు, పనివాళ్లకి ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుందని. మైకు ముందు ఇది చెప్పే ధైర్యం ఉంటే చెప్పు బాబూ, లేకపోతే పులిహోర దగ్గరే ఆగిపో.

చీమకుర్తి రాయి:
టీచరమ్మ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. మా క్వారీల్లో ఒడిశా వాళ్లకి రేషన్ కార్డులున్నాయి, అయితే వాళ్ల ఊళ్లో. ఇక్కడ డీలరు దగ్గర పనికిరాలేదు, కరోనాలో వాళ్లు పస్తులున్నది అందుకే. ఏ రాష్ట్రం కార్డయినా ఎక్కడైనా చెల్లేట్టు అన్ని రాష్ట్రాలూ 2021 జూలై 31 లోపు అమలు చెయ్యాలని చివరికి సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ ఆగస్టులోనే ఈ-శ్రమ్ (అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్) కూడా మొదలైంది. కాబట్టి తమ్ముడూ, ఉపన్యాసం చిన్నది చేసి, పూజ తర్వాత గుడి వరండాలో ఒక బల్ల, ల్యాప్‌టాప్ పెట్టండి. ఈ-శ్రమ్ లేనివాళ్లకి చెయ్యండి, పైసా ఖర్చు లేదు, ఆధార్, దానికి లింకైన ఫోను, బ్యాంకు ఖాతా వివరాలు తెచ్చుకోమనండి. బేల్దారి వాళ్లకి భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు ఉందో లేదో అడగండి, ఉన్నా రెన్యువల్ చేయించుకోని వాళ్లే ఎక్కువ.

పెన్నా ఒడ్డు:
అందరికీ థాంక్స్. టీచర్ గారూ, యాకోబు లేఖ తప్పకుండా చదువుతాను, ఫాదర్ గారికి ముందే చెప్పి చదువుతాను, ఏమంటారో చూద్దాం. బల్ల ఐడియాకి యువత ఒప్పుకున్నారు. ఇంకో సాయం కావాలి. రొయ్యల ఫ్యాక్టరీలో చేసే ఒడిశా అమ్మాయిలు కొందరు మా పూజకి వస్తున్నారు, వెనక బెంచీలో కూర్చుని వెళ్లిపోతారు, వాళ్లకి తెలుగు అంతంతమాత్రం. ఒడియా కాకపోయినా కనీసం హిందీ బాగా వచ్చినవాళ్లు ఎవరైనా ఆ రోజు పొద్దున రాగలరా? నెల్లూరు బస్టాండు నుంచి బండి మీద నేనే తీసుకెళ్తాను.