బరంపురంలో పాత బాక్‌స్టర్: కొనాలా, కోరిక చంపుకోవాలా?

గోపాల్‌పూర్_గాలి:
అందరికీ నమస్కారం. సూటిగా అడిగేస్తున్నా. హైదరాబాద్‌లో పోర్షె బాక్‌స్టర్ స్పోర్ట్స్ కారు, 987 తరంది, ఒకటి అమ్మకానికి ఉంది. 2008 మోడల్, 2.7 లీటర్ల ఇంజిన్, 245 హార్స్‌పవర్, మాన్యువల్ గేరు, ఏపీ-09 నంబరు. రిజిస్ట్రేషన్ 2028 దాకా రెన్యూవల్ అయింది. మీటరు మీద 41,000 కిలోమీటర్లు. 22 లక్షలు అంటున్నాడు, ఎదురుగా కూర్చుంటే దిగేలా ఉన్నాడు. నేనుండేది బరంపురం. నెలకు 400 కిలోమీటర్లకు మించి తిప్పను: ఆదివారాలు గోపాల్‌పూర్, అప్పుడప్పుడు తప్తపాణి ఘాటీ, ఏడాదికి రెండుసార్లు విశాఖ. కొనొచ్చా? "ఆ డబ్బుతో స్థలం కొనుక్కో" అనేవాళ్లు మాత్రం దయచేసి వద్దు, ఆ పాట ఇంట్లో రోజూ వింటున్నా.

రాయగడ_రాజు:
స్థలం కొనుక్కో.

షెడ్డు_నంబర్_3:
వద్దు బావూ. బండి మంచిదే, నీ ఊరే దానికి మంచిది కాదు. ఆ కారు పొట్టకీ రోడ్డుకీ మధ్య సగం జానెడు ఉంటాది, పదకొండు సెంటీమీటర్లకి అటూ ఇటూ. దిగపహండి దాటాక ఊరికో బ్రేకరు. స్పేర్ పార్ట్ కావాలంటే కొరియరు, స్కానర్ పెట్టాలంటే విశాఖ, అంటే 260 కిలోమీటర్లు. సరదా తీరాలంటే పాత ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ తీసుకో. 105 హార్స్‌పవర్, 165 మిల్లీమీటర్ల క్లియరెన్స్, ఎవడైనా ముట్టుకుంటాడు. అయిదు లక్షల్లో తేలిపోద్ది.

లెక్కల_లింగం:
స్పోర్ట్స్ కారు అడిగిన మనిషికి ఇంటి హ్యాచ్‌బ్యాక్ చూపించడం ఏమిటండీ? పైగా ఆ 1.2 టీఎస్ఐ గురించి సగమే చెప్పారు. దాంట్లో ఉన్నది ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, డీక్యూ200 అనే రకం, పొడి క్లచ్‌ది. ట్రాఫిక్‌లో పాకించి పాకించి నడిపితే క్లచ్ వేడెక్కుతుంది. గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయిందంటే గేరు పడకుండా నడిరోడ్డు మీద నిలబెడుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమంటే టైమింగ్ చెయిన్ సాగినట్టు. "ఎవడైనా ముట్టుకుంటాడు" అంటే ఎవడైనా పాడు చేస్తాడు అని కూడా.

ఇక బ్రేకర్ల సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) కొలత ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం. బాక్‌స్టర్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.415 మీటర్లు. అంటే బ్రేకరు కారు కంటే వెడల్పు. ముందు చక్రాలు దిగకముందే వెనకవి ఎక్కేస్తాయి. నాలుగూ దిబ్బ మీదే ఉన్నప్పుడు మధ్యలో పొడుచుకొచ్చేది 2.415 వర్గాన్ని 136తో భాగిస్తే వచ్చేంత: 4.3 సెంటీమీటర్లు. పదకొండులో నాలుగు పోయినా ఏడు మిగిలాయి. తగలదు.

షెడ్డు_నంబర్_3:
ఆ 17 మీటర్ల లెక్క మన సర్పంచులకి తెలుసా? ఇక్కడ బ్రేకరంటే అడుగున్నర వెడల్పు, అరడుగు ఎత్తు సిమెంటు గట్టు. ముందు చక్రం దిగిపోతాది, వెనక చక్రం ఎక్కదు, గట్టు బండి నడుం కింద ఉంటాది. పదిహేనులోంచి పదకొండు తీసెయ్, మిగిలిన నాలుగూ నీ బండి అడుగున కప్పిన అండర్‌ట్రేకి, సీట్ల వెనక ఉన్న ఇంజిన్ నుంచి ముందు రేడియేటర్లకి పోయే కూలెంట్ గొట్టాలకి.

లెక్కల_లింగం:
పదకొండు, పన్నెండు సెంటీమీటర్ల గట్టు అయితే వాలుగా ఎక్కించాలి, ఒక్కొక్క చక్రమే ఎక్కి దిగేలా. బరువు తక్కువ ఉండాలి, పక్క సీటు మనిషి దిగి నడవాలి. అరడుగు గట్టు ఎక్కకూడదంతే. దారి ముందు బైకు మీద చూసుకుని రావాలి.

కాశీనగరం_చిన్నోడు:
ముందు బైకు, వెనక పోర్షె. ఊరేగింపు బాగుంటుంది.

సుంకి_మలుపు:
బ్రేకర్లు వదిలేయండి బాబూ, అడిగింది బండి గురించి. 2008 అంటున్నారు కాబట్టి అందులో ఉన్నది ఎం97 ఇంజిన్. చూడాల్సిన మొదటి వస్తువు ఇంజిన్ లోపల క్యామ్‌షాఫ్ట్ చెయిన్లను తిప్పే ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగు, అందరూ ఐఎంఎస్ అంటారు. అంతకు ముందు బళ్లలో చిన్న బేరింగు ఉండేది, అది పోతే ఇంజిన్‌తో సహా పోయేది. 2006 నుంచి 2008 వాటిలో పెద్ద బేరింగు. పోవడం బాగా తక్కువ. తిరకాసు ఏమిటంటే ఇంజిన్‌ను రెండు ముక్కలు చేయకుండా అది బయటికి రాదు. కాబట్టి ముందే మార్చేద్దాం అనుకునే వస్తువు కాదు. 2009లో వచ్చిన ఇంజిన్‌లో అసలు ఆ బేరింగే లేదు. దొరికితే అదే చూడండి.

ఈ బండినే చూస్తానంటే ఆయిల్ ఫిల్టర్ విప్పించండి. ప్లాస్టిక్ డబ్బాలో కాగితం ఫిల్టర్ ఉంటుంది. మడతలు కత్తెరతో కోసి, తెల్ల కాగితం మీద పరచి, ఎండలో చూడండి. గోధుమ రంగు ప్లాస్టిక్ తునకలు నాలుగైదు కనిపిస్తే అవి చెయిన్‌ను పట్టి ఉంచే గైడ్లవి, ఆ వయసుకు మామూలే. మెరిసే పొడి కనిపిస్తే అయస్కాంతం ఆనించండి. అంటుకుంటే అది ఇనుము, బేరింగు నుంచి వచ్చి ఉండొచ్చు. అక్కడితో టీ తాగేసి బస్సెక్కండి. ఫిల్టర్ విప్పడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోయినా అదే బస్సు.

గోపాల్‌పూర్_గాలి:
ధన్యవాదాలు అన్నా. 41,000 నిజమో కాదో ఎలా పట్టుకోవాలి?

లెక్కల_లింగం:
మీటరు కాదు, కంప్యూటర్ చూడాలి. పోర్షెకు పనికొచ్చే స్కానర్ పెడితే ఇంజిన్ తిరిగిన గంటలు, ఓవర్‌రెవ్ రికార్డు బయటికొస్తాయి. 41,000కి 1,200 నుంచి 1,600 గంటలు ఉంటే గంటకు 26 నుంచి 34 కిలోమీటర్ల సగటు, నమ్మొచ్చు. 3,000 గంటలు చూపిస్తే సగటు 14కి దిగింది, మీటరును ఎవరో వెనక్కి తిప్పారు.

ఓవర్‌రెవ్ అంటే గేరు తప్పు పడి ఇంజిన్ హద్దు దాటి తిరగడం. అయిదులోంచి నాలుగుకు రాబోయి రెండులో పడితే ఇంజిన్ వేగం హద్దు దాటకుండా ఆపే రెవ్ లిమిటర్ కూడా ఏమీ చేయలేదు, చక్రాలే ఇంజిన్‌ను తిప్పేస్తాయి. అది ఏ గంటలో జరిగిందో కూడా రాసి ఉంటుంది. పాతదై, ఆ తరవాత వందల గంటలు నడిచి ఉంటే ఫరవాలేదు. మొన్నటిదైతే వదిలేయండి.

సుంకి_మలుపు:
గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడితే 14 సగటు కూడా నిజమే అవుతుంది. ఆ ఒక్క అంకె చూసి దొంగ అనేయకండి. క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు, డ్రైవర్ సీటు అంచు, స్టీరింగు తోలు కూడా చూడాలి.

లెక్కల_లింగం:
సగటు 14తో నడిచిన ఇంజిన్ నాకు ఎలాగూ వద్దు. అబద్ధమైనా వద్దు, నిజమైనా వద్దు.

షెడ్డు_నంబర్_3:
ఇంజిన్, ఇంజిన్. నీరు సంగతి ఎవుడూ అడగడేటి? గుడ్డ టాపు బండి అది, నువ్వుండేది సముద్రం పక్కన. టాపు మడత పడే గూడులో రెండు మూలలా నీరు దిగే కన్నాలుంటాయి. ఆకులూ దుమ్మూ పడి పూడిపోతే వాన నీరు లోపలికి దిగి కార్పెట్ కింద నిలబడతాది. సీటు కింద కంట్రోల్ మాడ్యూల్ ఉంటాది, అది తడిసిందంటే తాళం పని చెయ్యదు, బండి స్టార్ట్ అవదు. టాపు సగం తెరిచి ఆపి, ఒక్కో మూల అర లీటరు నీరు మెల్లగా పొయ్యి. వెనక చక్రానికి ముందు నేల మీద కారాల. కారలేదంటే లోపలికి పోతందన్నమాట. కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడు, పైన పొడిగా ఉన్నా కింద స్పాంజి తడిగా ఉంటాది.

ముందు బంపర్ రెండు పక్కలా రేడియేటర్లు, వాటి ముందు ఏసీ కండెన్సర్లు. గాలి కన్నాల్లోంచి ఆకులు పోయి నడుమన ఇరుక్కుని కుళ్లుతాయి, ఉప్పు గాలికి అల్యూమినియం రాలిపోద్ది. ఏడాదికోసారి బంపర్ విప్పి ఊదాల.

గోపాల్‌పూర్_గాలి:
అంటే కొనమంటున్నారా?

షెడ్డు_నంబర్_3:
వద్దనే అంటున్నాను.

రాయగడ_రాజు:
కాగితాల సంగతేంటి? ఏపీ-09 నంబరుతో ఇక్కడ ఎన్నాళ్లు తిప్పొచ్చు?

సుంకి_మలుపు:
మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. కానీ పేరు మార్పుకు ఆ 12 నెలలు వర్తించవు. చాలామంది ఇక్కడే పొరబడతారు. కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పుకు పెట్టుకోవాలి, బీమా 14 రోజుల్లో. క్రమం ఇదీ: హైదరాబాద్‌లో ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), పేరు మార్పు ఫారాలు 29, 30 మీద అమ్మినవాడి సంతకాలు, లోను ఉంటే అది తీరిందని బ్యాంకు ఇచ్చిన ఫారం 35. ఇక్కడికొచ్చాక మన ఓడీ-07 నంబరు కోసం ఫారం 27, ఒడిశా పన్ను. ఆ పన్ను ఎంతో బేరానికి ముందే రాయించుకోండి, 22 లక్షల మీద అదనం అది.

లెక్కల_లింగం:
టైర్లు చూడండి. 18 అంగుళాలైతే ముందు 235/40, వెనక 265/40. పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది: 3219 అంటే 2019లో 32వ వారం. గాడి ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటితే నాలుగూ మార్చాల్సిందే, బేరంలో తగ్గించుకోండి. పెట్రోలు 98 ఆక్టేన్ అడుగుతుంది, 95తో సర్దుకుంటుంది. అంతకంటే తక్కువది పోయకండి. ఇప్పుడొచ్చేది 20 శాతం ఇథనాల్ కాబట్టి నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంచొద్దు. 22 లక్షలు పెట్టేవాడు ఇంకో అయిదున్నర పక్కన పెట్టుకుంటే బరంపురమైనా బాంబే అయినా ఒకటే. మంచి మెకానిక్ లేడన్నది సాకు. ఇంజిన్ ఇంజినే, బోల్టు బోల్టే.

షెడ్డు_నంబర్_3:
సాకా? సాకు నాదా? బోల్టు బోల్టే అన్నావు కదా, ఆ బోల్టు విరిగితే ఎవుడు తెప్పిస్తాడో చెప్పు. అయిదున్నర లక్షలు పక్కన పెట్టినోడిని ఇంతవరకూ చూళ్లేదు. కొన్నాక చేతులు ఖాళీ. బండి తెచ్చి లిఫ్టు మీద పెడతారు, పార్ట్ ధర వినగానే ఫోన్ ఎత్తరు. ఉన్నవి రెండు లిఫ్టులు. ఒకటి నీ కలకి కట్టేస్తే మిగతా బళ్లు ఎండలో నిలబడాల. చివరికి ఊళ్లో మాటేటి? "వాడే పాడు చేశాడు."

కాశీనగరం_చిన్నోడు:
ఓహో, ఇదా సంగతి.

లెక్కల_లింగం:
అయితే మొదటి రోజే చెప్పాల్సింది. మూడు రోజులుగా సెంటీమీటర్లు కొలిపించారు నాతో. మీ గొడవ బాక్‌స్టర్‌తో కాదు, బాకీలతో.

షెడ్డు_నంబర్_3:
రెండూ ఒకటే. పాత స్పోర్ట్స్ కారంటే సగం కారు, సగం బాకీ.

సుంకి_మలుపు:
ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది లింగం గారూ. మనం బండికి లెక్కలు వేశాం, లిఫ్టుకు వేయలేదు. ఈ బండి క్లచ్ ప్లేట్లు మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి. దింపాక వెనక ఆయిల్ సీలు కారుతోందని తెలుస్తుంది, దానికోసం ఇంకో వారం. అంతసేపూ లిఫ్టు దిగదు.

లెక్కల_లింగం:
ఒప్పుకుంటాను. కానీ అది కొనొద్దనడానికి కారణం కాదు, అడ్వాన్స్ అడగడానికి కారణం.

గోపాల్‌పూర్_గాలి:
షెడ్డు అన్నా, మీ షెడ్డు బరంపురంలోనేనా? పార్టులు నేనే తెప్పించి, అన్నీ వచ్చాకే బండి తెస్తాను. లిఫ్టుకు రోజు అద్దె ముందే ఇస్తాను. అప్పుడైనా చేస్తారా?

షెడ్డు_నంబర్_3:
హైవే పక్కనే. సరే విను. బ్యాటరీ చార్జరు ఒకటి కొని గ్యారేజీలో ఎప్పుడూ పెట్టే ఉంచు. ముందు డిక్కీ కరెంటుతో తెరుచుకుంటాది, బ్యాటరీ దాని లోపలే ఉంటాది. అది చచ్చిపోతే డిక్కీ రాదు. అప్పుడు గునపం పెట్టొద్దు. కాళ్ల దగ్గర ఫ్యూజుల పెట్టెలో ఎర్ర పిన్ను ఒకటుంటాది, బయటికి లాగు. వేరే బ్యాటరీ ప్లస్ దానికి, మైనస్ తలుపు తాళం పడే ఇనప కొక్కేనికి. అప్పుడు డిక్కీ బటన్ నొక్కు, టక్కుమంటాది. ఈ ముక్క తెలీక బానెట్టు వంచేసినోళ్లున్నారు.

హైదరాబాద్ నుంచి ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకురా, క్రేన్‌కి కట్టి లాగించొద్దు. ర్యాంపు కింద వేసుకోడానికి రెండు పొడుగు చెక్క పలకలు కొను, లేకపోతే ఎక్కేటప్పుడే ముందు బంపర్ పెదవి పోద్ది.

రాయగడ_రాజు:
అంటే కొనమనే కదా అన్నా.

షెడ్డు_నంబర్_3:
నాను అనలేదు. ఆయిల్ ఫిల్టర్ ఫోటో పంపించమను, అప్పుడు చూద్దాం. ఆ పలకలు పారెయ్యొద్దని కూడా చెప్పు. మా షెడ్డు గుమ్మం ముందు ఉన్న గట్టు 17 మీటర్ల లెక్కది కాదు.