‘కరిఁ దిగుచు’లో అరసున్న, ఎంటాంగిల్‌మెంట్‌కి తెలుగు మాట

ప్రశ్న: రెండు కేయాటిక్ వ్యవస్థలు (మొదట్లో రవ్వంత తేడా ఉన్నా తర్వాత నడక పూర్తిగా మారిపోయేవి) ఒకదానితో ఒకటి తలపడితే పుట్టే క్వాంటం ఎంటాంగిల్‌మెంట్ గురించి రాస్తున్నాను. ‘చిక్కుముడి’ అని రాసి కొట్టేశాను. ముడి విప్పితే ఏ దారానికాదారమే. ఇక్కడ జంట గురించి తెలియాల్సిందంతా తెలిసినా, విడిగా ఏ ఒక్కదాని గురించీ పూర్తిగా చెప్పలేం. రెండ్రోజులుగా పోతన కందం నోట్లో ఆడుతోంది: ‘కరిఁ దిగుచు మకరి సరసికిఁ గరి దరికిని మకరిఁ దిగుచు’. తర్వాత ‘కరకరి’ దగ్గర ఆగిపోతున్నాను. అక్కడి క్రియ ఏమిటండీ?

జవాబు: ‘కరకరిఁ బెరయన్’. ముందు ‘దిగుచు’ చూడండి. దిగడం కాదు, తిగుచు, అంటే లాగడం. అరసున్న ఎగరగొడితే ‘కరి దిగుచు’ అవుతుంది, గసడదవాదేశంతో (ప్రథమ మీద క చ ట త ప లు గ స డ ద వ లు కావడం) అదీ సాధువే. అప్పుడు లాగేది ఏనుగైపోతుంది!

జవాబు: మూడో పాదం వదిలేశారే! ‘కరికి మకరి మకరికిఁ గరి’. మకరిలోనే కరి ఉంది. ఎంటాంగిల్‌మెంట్ అంటే ఇదే.

జవాబు: కాదండీ. ఆ లాగులాట ఇంటరాక్షన్. లాగడం ఆగాక కూడా మిగిలేది ఎంటాంగిల్‌మెంట్. 1935లో ష్రోడింగర్ వాడిన జర్మన్ మాట ‘ఫెర్‌ష్రెంకుంగ్’లో చేతులు కట్టుకున్నట్టు అల్లుకోవడం ఉంది. ‘పెనవేత’ చాలు.

జవాబు: పెనవేతలో పెరుగుదల ఏదీ? 2009లో సీజియం పరమాణువులతో చేసిన ప్రయోగంలో ఎలక్ట్రాన్ స్పిన్, కేంద్రకం స్పిన్ మధ్య ఎంటాంగిల్‌మెంట్ కేయాస్ ఉన్నచోట ఎక్కువ కనిపించింది. అయితే దానికో హద్దుంది. భౌతికశాస్త్రవేత్త డాన్ పేజ్ 1993 లెక్క ప్రకారం, రెండు సగాలకీ చెరి ఎన్ స్థితులుంటే, యాదృచ్ఛిక స్థితిలో ఎంటాంగిల్‌మెంట్‌ని కొలిచే ఎంట్రోపీ సగటున ఎన్ సహజ లాగరిథమ్ కంటే సుమారు 0.5 తక్కువ. కేయాస్ దాన్ని దాదాపు అక్కడిదాకా తీసుకెళ్లి నిలబెడుతుంది. పొయ్యి మీద పాలు చిక్కబడ్డట్టు. అందుకే నా ఓటు ‘చిక్కబాటు’కి. చిక్కుబడు, చిక్కబడు: తేడా ఒక్క కొమ్మేగా.

ప్రశ్న అడిగినావిడ: పాలు బాగుంది. కానీ నాకు ‘పెరయు’ మీదే మనసు పోతోంది. కలవడం, వ్యాపించడం రెండూ అందులోనే ఉన్నాయి. ‘పెరయిక’ అంటే?

జవాబు: ఇక్కడ కలవడం కుదరదమ్మా. కరకరి అంటే క్రౌర్యం. అది పెచ్చుమీరగా అని అర్థం.

మొదటి జవాబిచ్చినాయన: కరకరి కర్త అయితే ‘వెరయన్’ రావాలి కదండీ! ‘బ’ వచ్చిందంటే ముందు ద్రుతం (అరసున్నగా మిగిలే నకారం) ఉన్నట్టే. కరకరితో పెరయగా అనే చదవాలి. మీ ప్రతిలో అక్కడ అరసున్న ఉందో లేదో చూసి చెప్పండి.