కరెంటు పోయొస్తే రౌటర్‌లో పిల్లల ఫిల్టర్ పోతోంది, ఏం చేయాలి?

కూకట్‌పల్లిలో ఫైబర్ కనెక్షన్, కంపెనీ ఇచ్చిన రౌటరే. పిల్లల కోసం డీహెచ్‌సీపీలో (రౌటర్ ఇంట్లోని పరికరాలకు నెట్ సెట్టింగులు పంచే చోటు) డీఎన్‌ఎస్‌గా (సైట్ పేరు అడిగితే దాని అడ్రస్ చెప్పే సర్వర్) పెద్దల సైట్లను ఆపే క్లౌడ్‌ఫ్లేర్ ఫ్యామిలీ ఫిల్టర్ (1.1.1.3, 1.0.0.3) పెట్టాను. పాత ల్యాప్‌టాప్‌లో, టీవీలో పెద్దల సైట్లు ఆగుతున్నాయి. బాబు వాడే ఆండ్రాయిడ్ ఫోన్‌లో మాత్రం నిక్షేపంగా తెరుచుకుంటున్నాయి.

ఫోన్ వైఫై వివరాల్లో చూస్తే 1.1.1.3 కింద కంపెనీ వాళ్ల ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ అడ్రస్ పద్ధతి) డీఎన్‌ఎస్ కూడా కనిపిస్తోంది. ఫోన్ దాన్నే అడుగుతోందన్నమాట. రౌటర్ పేజీలో దాన్ని అదే ఫిల్టర్ ఐపీవీ6 అడ్రస్ 2606:4700:4700::1113కి మారుద్దామంటే ఆ గడి బూడిదరంగులో బిగుసుకుపోయి ఉంది. క్రోమ్‌లో సెక్యూర్ డీఎన్‌ఎస్ (బ్రౌజర్ తానే గుప్తంగా డీఎన్‌ఎస్‌ను అడిగే ఏర్పాటు) ఆపినా తేడా లేదు. ఫోన్‌లోనే ప్రైవేట్ డీఎన్‌ఎస్ పెడితే వాడు సెట్టింగ్స్‌లోకెళ్లి తీసేస్తున్నాడు, అది వాడికి రెండు నిమిషాల పని.

రౌటర్‌లో ఐపీవీ6 మొత్తం ఆపితే ఫిల్టర్ చక్కగా పనిచేస్తుంది. కానీ కరెంటు పోయి రాగానే ఐపీవీ6 మళ్లీ ఆన్! కంపెనీ సర్వర్ టీఆర్-069 (కంపెనీ దూరం నుంచే రౌటర్ సెట్టింగులు మార్చే పద్ధతి) ద్వారా పాత సెట్టింగులు దింపుతోందని నా అనుమానం. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "రీసెట్ కొట్టండి సార్" అంటారు, అంతే. మొబైల్ డేటా గొడవ లేదు, ఆ ఫోన్‌లో సిమ్ లేదు.

బ్రిడ్జ్ మోడ్ (కంపెనీ పెట్టెను వట్టి మోడెమ్‌లా వాడటం), సొంత రౌటర్ దాకా వెళ్లకుండా, ఈ రౌటర్‌లోనే ఐపీవీ6 రీస్టార్ట్ తర్వాత కూడా ఆఫ్‌లోనే ఉండేలా ఎలా చేయాలి?