శంభునాథ్ డే కృషిని సైటేషన్ల లెక్కతో చూపించడం ఎలా?

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

అందరికీ నమస్కారం. నేను సూక్ష్మజీవశాస్త్రంలో పీహెచ్‌డీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెల మా విభాగంలో కలరా పరిశోధన చరిత్రపై సెమినార్ ఇవ్వాలి. అందులో కలకత్తా శాస్త్రవేత్త శంభునాథ్ డే గారి గురించి చెప్పదలచుకున్నాను. 1915లో హుగ్లీ జిల్లాలో పుట్టి, కలకత్తా మెడికల్ కాలేజీలో చదివి, 1949లో లండన్‌లో పెథాలజిస్టు (జబ్బు వల్ల శరీరంలో కలిగే మార్పులను పరిశోధించేవారు) రాయ్ కామెరాన్ దగ్గర పీహెచ్‌డీ ముగించుకొని వచ్చిన ఆయన, పదేళ్ళ తరువాత నేచర్ పత్రికలో ప్రచురించిన చిన్న పత్రంతో కలరా విషం ఉనికిని రుజువు చేశారు. నా స్లైడ్లు చూసిన ఒక సీనియర్, "ఈయన హెచ్-ఇండెక్స్ ఎంత? సైటేషన్లు చూపకుండా గొప్పవారని ఎలా అంటావు?" అని అడిగారు. (సైటేషన్ అంటే ఒక పత్రాన్ని మరో పత్రం ఉదహరించడం; హెచ్-ఇండెక్స్ పది అంటే, కనీసం పదేసి సైటేషన్లు వచ్చిన పత్రాలు పది ఉన్నాయని.) వెతికితే ఒక్కో డేటాబేసులో ఒక్కో సంఖ్య వచ్చింది. ఏ లెక్క చూపాలి? అసలు చూపాలా?

జవాబు 1: విశ్రాంత మైక్రోబయాలజీ అధ్యాపకుడు, విశాఖపట్నం

అమ్మా, లెక్క సంగతి తరువాత చూద్దాం, ముందు ఆయన చేసిన ప్రయోగాన్ని సభలో వివరంగా చెప్పండి. కలరా క్రిమి ఏదో ఒక విషాన్ని విడుదల చేస్తుందని రాబర్ట్ కోచ్ 1884లోనే ఊహించారు. తరువాత డెబ్బై ఏళ్ళకు పైగా ఎందరో ఆ విషం కోసం వెతికినా, క్రిమిని జంతువుల రక్తంలోకో శరీర కుహరాల్లోకో ఎక్కించి చూసినవారికి మనిషిలో కనిపించే బియ్యం కడిగిన నీళ్ళలాంటి విరేచనాలకు కారణం దొరకలేదు. డే గారు పెథాలజిస్టు కనుక జబ్బు జరిగే చోటినే, అంటే పేగునే, ప్రయోగశాలగా చేసుకున్నారు. 1953లో డి.ఎన్. చటర్జీతో కలిసి, బతికి ఉన్న కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో కట్టి, ఆ మధ్యలోకి కలరా క్రిమి కల్చర్‌ను (క్రిమిని పెంచిన ద్రవాన్ని) ఎక్కించగా ఆ భాగం ద్రవంతో ఉబ్బింది. 1959లో క్రిములన్నింటినీ వడకట్టి తీసేసి, మిగిలిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించినా పేగు అలాగే ఉబ్బింది. అంటే రోగి ఒంట్లోని నీటిని పేగులోకి లాగేది ఆ విషమే. ఇదే పద్ధతితో 1956లో, అతిసార రోగుల నుంచి సేకరించిన ఈ.కోలై అనే పేగు బ్యాక్టీరియా రకాలను కూడా ఆయన పరీక్షించారు; ఈ సంగతి చాలామంది మరచిపోతారు. బొంబాయి హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎన్.కె. దత్తా బృందం కూడా 1959లోనే కుందేలు పిల్లలలో కలరా విషం ప్రభావాన్ని ప్రచురించింది. ఆ పేరు కూడా మీ స్లైడ్‌లో ఉంటేనే న్యాయం.

జవాబు 2: విశ్వవిద్యాలయ గ్రంథాలయ ఉద్యోగి

తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. ఏ పత్రాన్ని ఎవరు ఉదహరించారో చూపే సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను యూజీన్ గార్ఫీల్డ్ తెచ్చింది 1964లో. హోర్హే హిర్ష్ హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించింది 2005లో, అంటే డే గారు మరణించిన ఇరవై ఏళ్ళకు. పైగా మూడు పత్రాలే రాసినవారికి, ఒక్కోదానికి వెయ్యి సైటేషన్లు వచ్చినా, ఆ సూచిక మూడు దాటదు. కాబట్టి మొత్తం సంఖ్య బదులు 1959 పత్రానికి ఏ ఏడాది ఎన్ని సైటేషన్లు వచ్చాయో గీత గీసి, 1969లో ఫింకెల్‌స్టీన్, లోస్పాలూటో అనే శాస్త్రవేత్తలు కలరా విషాన్ని శుద్ధరూపంలో వేరుచేసిన ఘట్టాన్ని దానిపై గుర్తించండి. గార్ఫీల్డ్ స్వయంగా 1986లో కలరా పరిశోధనపై డే ప్రభావాన్ని గురించి ప్రత్యేకంగా వ్యాసం రాశారు. 1959 పత్రానికి మొదట్లో తగిన గుర్తింపు రాలేదన్నది అందులో ముఖ్యాంశం.

మరో జాగ్రత్త: "డే" అన్న ఇంటిపేరు ఇంగ్లీషులో రెండక్షరాలే; అవే రెండక్షరాలు ఎన్నో ఐరోపా పేర్లలో భాగంగా వస్తాయి కనుక, యంత్రం తయారుచేసిన జాబితాను పత్రం పత్రంగా సరిచూడాలి. ఇంటిపేరును ఒకచోట పొడి అక్షరంగా, మరొకచోట పూర్తిగా రాసే మన తెలుగు పరిశోధకుల సైటేషన్లు కూడా ఇలాగే చెల్లాచెదురవుతుంటాయి. ఒక్కో డేటాబేసు వేర్వేరు పత్రికలను, వేర్వేరు సంవత్సరాలను లెక్కలోకి తీసుకుంటుంది; మీకు సంఖ్యలు కలవకపోవడానికి అది కూడా కారణం.

జవాబు 3: అంటువ్యాధుల పరిశోధకుడు

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తాను, అయితే అంకెలను పూర్తిగా తోసిపుచ్చవద్దు. డే గారు 1973లో పదవీ విరమణ చేశారు, 1985లో కన్నుమూశారు. జీవితకాలంలో మన దేశపు అకాడమీలేవీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకోలేదు. ఆ ఎన్నికలు సైటేషన్లు లెక్కపెట్టి జరిగినవి కావు, తోటి శాస్త్రవేత్తల విచక్షణతో జరిగినవి; అంటే ఆ విచక్షణ కూడా పొరబడగలదు. 1978 నోబెల్ సింపోజియంకు ఆయనను పిలిచినవారు, ఆయన పేరును నోబెల్‌కు ప్రతిపాదించిన అమెరికన్ శాస్త్రవేత్త జోషువా లెడర్‌బర్గ్ కూడా, విదేశీయులే. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. నా మాటగా ఒక సూచన: ఆ పత్రాన్ని ఉదహరించినవాటిలో ఓ పదింటిని తీసుకొని, ఏ వాక్యంలో, ఏ అవసరానికి ఉదహరించారో చదవండి. పేగును దారంతో కట్టే పద్ధతి ప్రయోగశాలల్లో మామూలు పని అయిపోయాక, దాన్ని వాడేవారిలో చాలామంది మూలపత్రాన్ని పేర్కొనడం మానేస్తారు; ఆ వాడకం ఏ లెక్కలోనూ పడదు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. సెమినార్‌ను 1953 ప్రయోగంతో మొదలుపెట్టి, ఏడాదివారీ గీతను చివర్లో చూపుతాను. దత్తా గారి పేరు చేర్చాను. ఉదహరించిన పత్రాల్లో నాలుగు చదివాను; మిగిలిన ఆరింటిని ఈ వారంలో పూర్తిచేసి, ఏ వాక్యంలో ఏమున్నదో ఇక్కడే రాస్తాను.